ఆఖరి హ్యాపీ అవర్

“ఈమధ్య హ్యాపీ అవర్‌కి ఎవ్వరూ రావట్లేదు చంద్రికా. పోయిన గురువారం ముగ్గురమే. కొత్తగా చేరిన పిల్లలు తాగరు, మిగతావాళ్లు ఇంట్లోంచే పని. ఇక మానేద్దాం అనుకున్నాం,” అన్నాడు రఘు, సోఫాలో కూలబడుతూ.

బెండకాయలు తరుగుతున్న చంద్రికకు ఒళ్లు మండింది. ఎవరో పోయినట్టు ఆ గొంతేమిటి? పదకొండేళ్లుగా ప్రతి గురువారం ఆఫీసు అయ్యాక తోటివాళ్లతో బార్‌కు వెళ్లి, ఏడున్నరకు తీరిగ్గా ఇంటికొచ్చి, వేడివేడిగా వడ్డించింది తిన్న మనిషి. పోయిందని బాధపడటానికి ఆయనకు ఒకటంటూ ఉంది. తనకు అదీ లేదు. అసూయ అంటే అసూయే, దానికి ఇంకో పేరు పెట్టి కప్పిపుచ్చే ఓపిక ఆమెకు లేదు.

ట్రాయ్ ఊళ్లో కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఆమె ఇంజినీరు. అక్కడా గురువారమే హ్యాపీ అవర్. మొదట్లో ఆమె టీమ్‌లోనే పనిచేసే డెనిస్ ప్రతి వారం ఆమె టేబుల్ దగ్గరకొచ్చి మరీ పిలిచేది. కానీ కూతురు అనిక ఉండే డేకేర్ ఆరింటికి మూసేస్తారు. “అనికని నువ్వు పికప్ చేసుకో. నాది తాగుడు కాదు, నెట్‌వర్కింగ్. ప్రమోషన్లు అక్కడే డిసైడ్ అవుతాయి,” అనేవాడు రఘు. అవుతాయని ఆమెకూ తెలుసు. ఆమె చేరిన రెండేళ్లకు వచ్చిన భాస్కర్ వారం తప్పకుండా వెళ్లాడు, చివరికి ఆమెకే టీమ్ లీడ్ అయి కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున్న కాఫీ మెషిన్ దగ్గర అందరూ ముందురోజు జోకు తలుచుకుని నవ్వుతుంటే, ఏమీ అర్థంకాకపోయినా తనూ నవ్వేది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొన్నాళ్లకు డెనిస్ పిలవడం మానేసింది. ఎందుకని అడగడానికి మొహం చెల్లలేదు. వెళ్లలేకపోయినా ఆ పిలుపు కావాలనిపించేది. ఐదింటికి వాళ్లంతా కోట్లు తొడుక్కుని లేస్తుంటే, కంప్యూటర్ తెరకేసి చూస్తూ, వాళ్ల మాటలు లిఫ్టు దాకా వింటూ కుళ్లుకునేది.

ఇప్పుడు అనికకు పన్నెండేళ్లు. నిన్న డెనిస్ టీమ్ మొత్తానికీ ఈమెయిల్ పెట్టింది. ఎవరూ రావడం లేదు కాబట్టి ఈ గురువారమే ఆఖరిదట. చంద్రిక దాన్ని నాలుగుసార్లు చదువుకుంది.

“ఎల్లుండి నేను హ్యాపీ అవర్‌కి వెళ్తున్నాను. అనికని వయొలిన్ క్లాస్ నుంచి మీరు పికప్ చేసుకోండి,” అంది.

“నువ్వా? తాగవుగా. అక్కడ కూర్చుని ఏం చేస్తావ్?”

“మీరు చేసిందే. నెట్‌వర్కింగ్.”

“ఇప్పుడు ఎవరున్నారని? అదంతా అయిపోయింది. మరి వంట?”

“మీరు చెయ్యండి,” అని బెండకాయల మీదికి వంగింది.

గురువారం బార్‌లో పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలున్నాయి, కూర్చున్నది నలుగురు. భాస్కర్ రాలేదు. లీడ్ అయ్యాక ఇక పనేముంది? చంద్రిక నిమ్మరసం సోడా తెప్పించుకుంది. జిడ్డు బల్ల, చల్లారిన ఫ్రైస్, ఎవరూ చూడని టీవీ. ఇంతేనా, దీనికోసమా ఇన్నేళ్లు ఏడ్చాను, అనుకుంది. అంతలో డెనిస్, పాత మేనేజరు టెస్టు సీట్లో బెల్టు ఇరుక్కుని గంటసేపు బందీ అయిన కథ మొదలుపెట్టింది. చంద్రిక కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఈసారి అర్థమై నవ్వింది. ఇంత హాయిని వాళ్లు వారం వారం అనుభవించారా అనుకునేసరికి, తగ్గాల్సిన అసూయ రెట్టింపైంది.

“నువ్వొస్తావని అనుకోలేదు,” అంది డెనిస్. “ఇలాంటి చోట్లు నీకు గిట్టవట కదా. పిలిస్తే ఇబ్బంది పడతావని భాస్కర్ చెప్పాడు. అందుకే పిలవడం మానేశాను.”

“భాస్కర్‌కి ఎవరు చెప్పారు?”

“మీ ఆయనే. ఏదో దీపావళి పార్టీలో కలిశారట. మా ఆవిడకి అవన్నీ ఇష్టం ఉండవు, బలవంతపెట్టకండి అన్నాడట.”

చంద్రిక గ్లాసు పక్కన పెట్టేసింది. తనకేది ఇష్టమో తనను ఒక్క మాట అడగకుండా, ఎవరింట్లోనో పేపరు ప్లేటు పట్టుకుని నిలబడి తేల్చేశాడు రఘు. తను మాత్రం ఇన్నేళ్లూ డెనిస్‌కి తన మీద ఏం కోపమా అని మథనపడింది.

“ఇది ఆఖరిది కాదు డెనిస్,” అంది. “వచ్చే గురువారం అందరినీ నేను పిలుస్తున్నాను. మనిద్దరమే అయినా సరే.”

ఫోన్ మోగింది. రఘు.

“ఎప్పుడొస్తావ్? కుక్కర్‌లో నీళ్లెన్ని పొయ్యాలి?”

“నేనింకా కూర్చుంటాను,” అంది చంద్రిక. “కుక్కర్ సంగతి తర్వాత. ముందు భాస్కర్‌కి ఫోన్ చేసి చెప్పండి, మా ఆవిడకి ఇవన్నీ చాలా ఇష్టమని.”