ట్రూడె తోకకు తగులుకున్న మందుపాతర

యుద్ధం ముగిసి నెలలు గడిచినా జర్మనీలోని కుక్స్‌హాఫెన్ రేవులో కొందరికి అది ముగియలేదు. ఇరుపక్షాలూ సముద్రంలో నాటిన మందుపాతరలు నాటినచోటే, నీటి పైకి కనబడకుండా, లంగరు తాళ్లకు కట్టుబడి తేలుతూ ఉన్నాయి. వాటిని ఏరే పని ఓడిపోయినవాళ్ల నెత్తిన పడింది.

1919 వేసవిలో ఆ పనికి వెళ్లే చిన్న ఓడల్లో ట్రూడె ఒకటి. కాగితాల మీద దానికి ఉన్నది ఒక అంకె మాత్రమే, ట్రూడె అన్నది కళాసీలు పెట్టుకున్న పేరు. ఓడలు జంటగా నడిచేవి, రెండింటికీ మధ్య నీళ్లలో పొడవాటి ఇనుప తాడు ఈడ్చుకుంటూ. ఆ తాడు రాపిడికి పాతర లంగరు తాడు తెగిందంటే పాతర పైకి తేలేది. దూరం నుంచి తుపాకులతో కాల్చి దాన్ని ముంచేవాళ్లు. ఆ వేసవి మొదట్లోనే ఒక ఓడ వెనుక భాగం ఎగిరిపోయింది. అందులోని వాళ్లలో సగం మంది ఒడ్డుకు రాలేదు.

ట్రూడెకు అధికారి లెఫ్టినెంట్ ఎవాల్ట్ హార్టిక్. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఓడ ఎక్కిన మొదటిరోజే, వెనుక భాగాన తాడు చుట్టే యంత్రం దగ్గర నిలబడి ఉన్న సరంగును, అంటే కళాసీల పెద్దను, అతను ఒక్క చూపులో పోల్చుకున్నాడు. పేరు ఓకో వీమ్‌కెన్. ఫ్రీస్‌లాండ్ తీరం వాడు, తలుపంత వెడల్పు మనిషి, కుడి మణికట్టు మీద కాలిన మచ్చ.

కిందటి నవంబరులో కళాసీలు అధికారుల మీద తిరగబడిన రోజుల్లో, కీల్ రైల్వే స్టేషన్లో హార్టిక్ భుజాల మీది హోదా పట్టీలు పీకి బురదలోకి విసిరేసిన చెయ్యి అది. కొడుకును ఇంటికి తీసుకుపోదామని వచ్చిన హార్టిక్ తల్లి పక్కనే ఉంది. "బరువు దించేశాం బాబూ, ఇక హాయిగా నడువు" అన్నాడు ఓకో ఆ రోజు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తల్లి వంగి ఆ పట్టీలు ఏరి, బురద తుడిచి, సంచిలో వేసుకుంది. హార్టిక్‌కు నిద్ర పట్టని రాత్రుల్లో కనిపించేది తన అవమానం కాదు, వంగిన ఆమె వీపు.

ట్రూడె మీద ఓకో పద్ధతిగానే ఉన్నాడు. ఇప్పుడు ఓడకొక ప్రతినిధిని కళాసీలే ఎన్నుకుంటున్నారు, ట్రూడెలో అది అతనే. తిండి గురించీ సెలవుల గురించీ హార్టిక్ దగ్గరకు వచ్చి, టోపీ తీయకుండా మాట్లాడి వెళ్లేవాడు. కీల్ ప్రస్తావన ఇద్దరూ తేలేదు. గుర్తుండే ఊరుకుంటున్నాడా, గుర్తే లేదా అన్నది హార్టిక్‌కు అంతుబట్టలేదు. అడగడానికి నోరు రాలేదు. అతనికి పని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించి, చివరకు వేరేవాళ్లకు చెప్పేవాడు.

జూలైలో ఒక మధ్యాహ్నం గాలి పెరిగింది. పని ఆపి తాడు లోపలికి చుట్టమని హార్టిక్ ఆజ్ఞ ఇచ్చాడు. జంట ఓడ తన కొస వదిలేసి దూరం జరిగింది. యంత్రం గరగరమంటూ తాడును మింగుతోంది. తాడును తగిన లోతులో ఉంచే బరువైన చెక్క చట్రం ఒకటి చివర్లో పైకి రావాలి. వచ్చింది. దాని వెంట నల్లగా, గుండ్రంగా, నాచు పట్టిన ఇంకోటి కూడా వచ్చింది.

ఓకో చెయ్యెత్తి యంత్రం ఆపించాడు. మందుపాతర లంగరు తాడు చట్రానికి మెలికలు పడి చుట్టుకుపోయింది. పాతర సరిగ్గా చుక్కాని వెనకాల, ఒక బారెడు దూరంలో, అలకు లేస్తూ పడుతూ ఉంది. దాని ఒంటి మీద పొడుచుకొచ్చిన కొమ్ముల్లో ఏ ఒక్కటి గట్టిగా తగిలి వంగినా చాలు, పేలుతుంది.

తాడును మళ్లీ నీళ్లలోకి వదులుదామంటే పాతర ఓడ కింద తిరిగే పంకా మీదకు పోతుంది. ఓడను ఆపేస్తే అలలే దాన్ని తెచ్చి గుద్దుతాయి. ఓడను మెల్లగా ముందుకు నడుపుతూ, ఎవరో ఒకరు తాడు కట్టుకుని వెనక నుంచి కిందికి దిగి, రంపంతో ఆ లంగరు తాడు కోయాలి. ఇంకో దారి లేదు. అలాంటి పని సరంగుది. ఓడ మీద అందరికీ ఆ సంగతి తెలుసు.

ఓకో అప్పటికే కోటు విప్పుతున్నాడు. "తాడు ఎవరు పట్టుకుంటారో చెప్పండి లెఫ్టినెంట్ గారూ. వంటవాడికి మాత్రం ఇవ్వకండి. సూప్ గిన్నే సరిగ్గా పట్టుకోలేడు."

హార్టిక్ నోట 'దిగు' అన్న ఒక్క మాట చాలు. న్యాయమైన మాట, నియమం ప్రకారం చెప్పాల్సిన మాట. కానీ ఆ మాట తన నోట్లోంచి ఎవరు అన్నట్టవుతుందో, ఓడ అధికారో లేక కీల్ స్టేషన్లో నిలబడ్డ మనిషో, అతనికే తెలియలేదు.

"నేను దిగుతాను. నీ బరువు ఇద్దరు పట్టాలి, నా బరువు నువ్వొక్కడివి పట్టగలవు" అన్నాడు.

ఓకో అతన్ని ఒక క్షణం ఎగాదిగా చూసి, కోటు మళ్లీ వేసుకున్నాడు. ఇంజను దగ్గర ఇద్దరు, చుక్కాని చక్రం దగ్గర ఒకరు తప్ప మిగతా అందరినీ హార్టిక్ ఓడ ముందుభాగానికి పంపించేశాడు. వెనక కొస మీద ఓకో మిగిలాడు. హార్టిక్‌కు కట్టిన తాడును తన నడుముకు ఒక చుట్టు తిప్పుకుని, కాలు ఓడ అంచు గట్టుకు తన్నిపెట్టి, పరుపు చుట్టిన పొడుగాటి వాసం ఒక చేత్తో పట్టుకున్నాడు, పాతర దగ్గరకొస్తే నెట్టడానికి.

కిందికి దిగాక హార్టిక్‌కు చలి తెలిసింది. ప్రతి అల ఛాతీ దాకా తడిపి పోతోంది. పాదం కింద పంకా నీళ్లను చిలుకుతోంది. ఎడమ చేత్తో చట్రం పట్టుకుని, కుడి చేత్తో రంపం ఆడించాడు. ఇనుము మీద ఇనుము కీచుమంది. అతని తల ఎత్తునే పాతర ఊగుతోంది. దాని నాచులో చిన్న పీత ఒకటి పాకుతుండడం కూడా కనిపించింది.

ఒక పెద్ద అల వచ్చింది. వాసం జారింది. పాతర వచ్చి చుక్కానికి తగిలింది, ఎవరో తలుపు తట్టినట్టు ఒక మొద్దు చప్పుడు. హార్టిక్ కళ్లు మూసుకున్నాడు. కొమ్ము తగల్లేదు.

"వట్టి పొట్ట తగిలిందంతే" అన్నాడు పైనుంచి ఓకో. "కోయండి, కోయండి."

లంగరు తాడు సగం తెగేసరికి రంపం బ్లేడు విరిగింది. ఇంకో బ్లేడు అందించాలంటే ఓకో వాసమైనా వదలాలి, తాడైనా వదలాలి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతలో ఓకో చేతిలోని వాసాన్ని వేరే చేతులు అందుకున్నాయి. వంటవాడు బోయ్‌సెన్. ముందుకు పొమ్మన్నా పోకుండా ఇంజను గదిలో దూరి, అక్కడున్న బ్లేడ్లన్నీ పట్టుకొచ్చాడు.

"అక్కడ అందరూ ప్రార్థనలు చేస్తున్నారన్నా. నాకు ఒక్కటీ పూర్తిగా రాదు" అన్నాడు.

రెండో బ్లేడుతో హార్టిక్ ఆగకుండా కోశాడు. పోగులు ఒక్కొక్కటే టప్‌టప్‌మని తెగాయి. చివరి పోగు మాత్రం కోయకముందే, లాగుడుకి తానే తెగింది. తెగిన కొస కొరడాలా తిరిగి చట్రం మీద ఉన్న అతని ఎడమ చేతిని కొట్టింది. పాతర ఒకసారి మునిగి, లేచి, ఓడ వెనకాల నురగలో దూరమవుతూ పోయింది. దాన్ని చూస్తూ ఉండగానే అతన్ని ఎవరో గడ్డిమోపును లాగినట్టు పైకి లాగారు. అప్పటికి గానీ తన చేతికి రెండు వేళ్లు లేవని అతను చూసుకోలేదు.

తుపాకులు తీసుకున్నవాళ్లు పాతరను చాలాసేపు కాల్చారు. చివరకు అది పేలింది. నీళ్లు స్తంభంలా లేచాయి, ట్రూడె కిందనుంచి తన్నినట్టు అదిరింది.

వంటగదిలో హార్టిక్‌ను కూర్చోబెట్టి, అతని చేతికి ఓకో కట్టు కట్టసాగాడు. బోయ్‌సెన్ బ్రాందీ పోసి, ఇంకా కావాలంటే ఉందని చెప్పి బయటకు వెళ్లాడు. నొప్పో, బ్రాందీయో, ఇంక భయపడేందుకు ఏమీ మిగలకపోవడమో, హార్టిక్ నోరు తెరిచాడు.

"కీల్ స్టేషన్ గుర్తుందా నీకు?"

ఓకో చేతులు ఆగాయి. "నవంబరులోనా? ఆ రోజు చాలామంది పట్టీలు పీకాను." కట్టు మీంచి తలెత్తి చూశాడు. "మీవి కూడానా?"

"మా అమ్మ పక్కనుంది."

"ఆవిడ గుర్తుంది. వంగి ఏరుకుంది. మీ ముఖం గుర్తులేదు, చూళ్లేదు." మళ్లీ కట్టు చుట్టడం మొదలుపెట్టాడు. "అందుకేనా నన్ను దింపంది?"

"నిన్ను దింపుంటే ఎందుకు దింపానో నాకే తెలిసేది కాదు."

"అయితే అది మంచితనం కాదు లెఫ్టినెంట్ గారూ. భయం."

"భయమే" అన్నాడు హార్టిక్.

ఓకో ముడి వేసి, మిగిలిన గుడ్డ పళ్లతో చింపాడు. క్షమించమని అనలేదు. ఆ రోజుల్లో అలా చేయాల్సే వచ్చిందని కూడా అనలేదు. "ఆవిడ వెళ్లేదాకా ఆగాల్సింది" అని మాత్రం అని, గిన్నెలో ఎర్రబడ్డ నీళ్లు పారబోయడానికి లేచాడు.

హార్టిక్ కొన్నివారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. చేతి గాయం చీము పట్టి, మూడో వేలు కూడా తీసేస్తారేమో అనుకున్నారు, తీయలేదు. డాక్టర్లు ఇంకా వద్దంటుండగానే ట్రూడెకు తిరిగొచ్చేశాడు. వాళ్లిద్దరూ స్నేహితులేమీ కాలేదు. సాయంత్రాలు ఒక బల్ల దగ్గర కూర్చుని బీరు తాగిందీ లేదు. శీతాకాలం ముంచుకొచ్చి పని ఆగిపోయాక ఓకో తన ఊరికి, చేపల పడవ దగ్గరకు వెళ్లిపోయాడు.

కానీ అంతకుముందు, హార్టిక్ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మొదటి ఉదయం వాన కుండపోతగా కురుస్తోంది. తాడు చుట్టే యంత్రానికి గ్రీసు పెట్టాలి. అతను ఈసారి రెండుసార్లు ఆలోచించలేదు, ఎదురుగా కనిపించిన ఓకోకు చెప్పాడు. ఇలాంటి వానలో గ్రీసేమిటని, అధికారులకు మెదడు కూడా తడిసిపోతుందేమోనని ఓకో అందరికీ వినిపించేలా గొణిగి, గ్రీసు డబ్బా తీసుకుని వెనక్కి నడిచాడు.