బుట్ట చేతులు

"గిదేందాంటీ? చేతులా, దిండ్లా?"

శాంత ఆ మాట అనడం, సత్యలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కడం ఒక్కసారే జరిగాయి. మాట అన్నందుకు కాదు. ఆంటీ అన్నందుకు కూడా కాదు, ఆ పిలుపుకి తొమ్మిది రోజులుగా చెవులు మూసుకుంటూనే ఉంది. ఆ పిల్ల జాకెట్టుని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తింది చూడండీ, అందుకు!

ఆ జాకెట్టు సత్యలక్ష్మి తన చేత్తో కుట్టింది. మెరూన్ పట్టు. భుజం దగ్గర ఉబ్బి, మోచేతి మీద పట్టీతో బిగిసే బుట్ట చేతులు. ఒక్కో చేతికి ముప్పయ్యారు కుచ్చులు, అన్నీ ఒకే కొలత. మద్రాసులో మొదలుపెట్టి, సినిమా పరిశ్రమతో పాటు హైదరాబాదు చేరి, ఇరవయ్యేళ్ళుగా హీరోయిన్లకి బట్టలు కుడుతున్న మనిషి ఆవిడ. ఒకప్పుడు ఆవిడ కుట్టిన బుట్ట చేతులు తెర మీద కనబడితే, నెల తిరక్కుండా తెనాలి నుంచి తుని దాకా పెళ్ళిపందిళ్ళలో ఆడపిల్లలందరూ అవే చేతులతో తిరిగేవారు. టైలర్లు టిక్కెట్టు కొనుక్కుని రెండేసిసార్లు చూసొచ్చి మరీ కుట్టేవాళ్ళు.

ఇది తొంభై అయిదో సంవత్సరం. ఇప్పుడు శాంతలు వచ్చారు.

ఈ శాంత పుట్టిపెరిగింది హిమాయత్ నగర్‌లో. బొంబాయిలో రెండేళ్ళు ఏదో కోర్సు చదివింది. హీరోయిన్‌కి నచ్చి వెంటబెట్టుకొచ్చింది. వస్తూనే జూబ్లీహిల్స్‌లో షూటింగ్ జరుగుతున్న ఈ మేడలో, కాస్ట్యూమ్స్ గది మధ్యలో నిలబడి, హ్యాంగర్లకున్న బట్టలన్నీ ఎగాదిగా చూసి, "చాలా హెవీగా ఉన్నయి" అంది. జరీ హెవీ. బార్డరు హెవీ. పూసలు హెవీ. ఆవిడ గారికి కావలసింది పూవూ కాయా లేని ఒట్టి షిఫాన్ చీర, దాని మీదికి చేతుల్లేని జాకెట్టు. గుడ్డ చాలక మధ్యలో కుట్టు ఆపేసినట్టుండే ఆ జాకెట్టుకి ఫ్యాషన్ అని పేరొకటి! సత్యలక్ష్మి ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత ఆ వేలు తీసి, చూపించి మరీ తిట్టింది. వీళ్ళ గొడవకి మిషను మీద కుట్టే హనుమంతు చెవుల్లో బీడీ ముక్కలు దోపుకునేవాడు.

ఇష్టాయిష్టాల గొడవే అయితే అక్కడితో పోయేది. కానీ డైరెక్టర్ కాశీవిశ్వనాథం గారు ఇద్దర్నీ పిలిచి తేల్చి చెప్పేశారు. "వచ్చే సినిమాకి ఇద్దర్ని పెట్టుకునే తాహతు లేదు. ఒక్కరే ఉంటారు. ఎవరన్నది ఈ షెడ్యూలు అయ్యేలోపు చెబుతాను."

ఆయన పదకొండు సినిమాలకీ బట్టలు కుట్టింది సత్యలక్ష్మే. ఇప్పుడీ కంపెనీ పొమ్మంటే నలభై ఎనిమిదేళ్ళ వయసులో తనని కొత్తగా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఫిలింనగర్‌లో ప్రతి ఆఫీసులోనూ ఒక శాంత కూచుంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి సత్యలక్ష్మికి అన్నం సయించడం లేదు.

శాంత జాకెట్టుని అటూ ఇటూ తిప్పింది. "రేపు మేడమ్‌కి ఇదే కదా? చేతులు తీసేస్తా ఆంటీ. నెక్ జర డీప్ చేస్తే మంచిగుంటది. ఏమన్న ప్రాబ్లమా?"

ప్రాబ్లమా! చాలా పెద్ద ప్రాబ్లమే.

ఎందుకంటే ఆ జాకెట్టుతో సగం సీను అప్పటికే తీసేశారు. అలిగి వెళ్ళిపోయిన అక్క ఇంటికి హీరోయిన్ పరిగెత్తుకుంటూ వచ్చి, మెట్లెక్కి, గడప దాటే సీను. మెట్లెక్కడం మే నెలలో విశాఖపట్నంలో తీశారు. గడప దాటి లోపలికి రావడం రేపు ఇక్కడ తీస్తారు. బయట ఏ బట్టలతో గడప మీద కాలు పెట్టిందో, లోపల అవే బట్టలతో కనబడాలి. దాన్నే వీళ్ళు కంటిన్యుటీ అంటారు. అలా సగంలో ఉన్న బట్టలకి సత్యలక్ష్మి లోపలి కుట్టులో ఎర్ర దారం ముడి వేస్తుంది. ముడి ఉన్న గుడ్డ మీద సబ్బు మార్చడానిక్కూడా ఎవరికీ హక్కు లేదు. ఇది పాత యూనిట్‌లో అందరికీ తెలుసు. తొమ్మిది రోజుల శాంతకి ఎవరూ చెప్పలేదు.

ఒద్దమ్మాయ్ అన్న మాట సత్యలక్ష్మి పెదవుల దాకా వచ్చింది. శాంత వేళ్ళు చూసింది. ఇంకా అలాగే, ఎలుక తోకని పట్టుకున్నట్టే పట్టుకుంది. దిండ్లట! చావనీ, అనుకుంది. రేపు సెట్లో అందరి ముందూ దీని బొంబాయి చదువు బయటపడనీ.

"నన్నడుగుతారేంటండీ? డిజైనర్ మీరు. మీ ఇష్టం," అంటూ నవ్వి, తన కత్తెర తనే తీసి చేతికిచ్చింది.

హనుమంతు మిషను తొక్కడం ఆపి తలెత్తాడు. సత్యలక్ష్మి ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ తల దించుకున్నాడు. పట్టు కరకరా తెగింది. ముప్పయ్యారు కుచ్చులూ, మళ్ళీ ముప్పయ్యారు కుచ్చులూ నేల మీద పడ్డాయి. సత్యలక్ష్మి చూపు గోడ వైపు తిప్పుకుంది. ఆ రాత్రి మధురానగర్‌లో ఇంటికెళ్ళి, ఎన్నాళ్ళకో కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు పదింటికి లైట్లు వెలిగాయి. హీరోయిన్ గడప దగ్గర నిలబడింది. అసిస్టెంట్ డైరెక్టర్ అలవాటుగా వైజాగ్‌లో తీసిన ఫొటో జేబులోంచి తీసి, ఒకసారి ఫొటో వంకా, ఒకసారి ఆ అమ్మాయి బోసి భుజాల వంకా చూసి, "సార్!" అని కేక పెట్టాడు.

సెట్లో డెబ్బై మంది. అందరి చూపూ ఆ భుజాల మీదే. హీరోయిన్, "నన్నిలా నిలబెట్టి నవ్వులపాలు చేస్తారా?" అంటూ విసవిసా మేకప్ గదిలోకి వెళ్ళిపోయింది.

"ఎవరు కోశారిది?" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"నేనే సర్," అంది శాంత. మొహం పాలిపోయింది. "ఆంటీని అడిగిన. మీ ఇష్టం అన్నరు."

ఆయన సత్యలక్ష్మి వైపు చూసి, "ముందు చేతులు రావాలి. ఎంతసేపు?" అన్నారు.

"మూడు గంటలండీ," అంది సత్యలక్ష్మి. ఆ మాట అన్నప్పుడు కలిగిన సంతోషం ఆవిడకి ఈ మధ్య ఎన్నడూ కలగలేదు.

అదే తానులోని ముక్క పెట్టెలో దాచి ఉంది. శాంత మెడ లోతు చేసిన చోట గుడ్డ అతికి, ఆ అతుకు కనబడకుండా అంచు పైపింగ్ కిందికి తోసింది. కుచ్చు మీద కుచ్చు, ఫొటోలో ఉన్న లెక్కకి ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. యూనిట్ మొత్తం తన సూది కోసం కాచుక్కూచుంది. శాంత గుమ్మంలో నిలబడి, "గుడ్డ పట్టుకోనా?" అని అడిగితే, "నువ్వు ముట్టుకోకు," అంది సత్యలక్ష్మి. ఒంటిగంటన్నరకి షాట్ ఓకే అయింది. హీరోయిన్ కూడా, "అచ్చం అలాగే వచ్చాయి సత్యమ్మా," అని మెచ్చుకుంది.

సత్యలక్ష్మి మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, భోజనాల దగ్గర డైరెక్టర్ గారి ముందుకి వెళ్ళి నిలబడింది. పిలవకుండానే వెళ్ళింది. ఇప్పుడే చెబుతారని ఆవిడ నమ్మకం.

"ఆ అమ్మాయి నిన్ను అడిగిందా?" అన్నారాయన పెరుగన్నం కలుపుకుంటూ.

"అడిగిందండీ."

"పనుల్లో పడి కంటిన్యుటీ సంగతి మర్చిపోయావా?"

ఆయన తోవ చూపించారు. మర్చిపోయానండీ, పెద్దదాన్నయ్యాను అంటే అక్కడితో అయిపోయేది. కానీ మర్చిపోయానన్న మాట సత్యలక్ష్మి నోటికి రాలేదు. ఇరవయ్యేళ్ళలో ఒక్క గుండీ మర్చిపోయిన మనిషి కాదు. పక్క వరసలో కూచున్న ఆ శాంత ముందు, ఆ హనుమంతు ముందు, మరుపు వచ్చిందని ఒప్పుకోవడమా?

"నేను మర్చిపోవడమేంటండీ! ముడి వేసింది నేనేగా," అంది తలెత్తి.

ఆయన చెయ్యి ఆగింది. "అంటే తెలిసే ఊరుకున్నావన్నమాట."

అప్పుడు వెలిగింది సత్యలక్ష్మికి. కానీ మాట నోరు దాటిపోయింది.

"కత్తెర కూడా నువ్వే ఇచ్చావని హనుమంతు చెబితే నమ్మలేదు," అన్నారాయన. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆ పిల్ల తెలియక కోసింది సత్యమ్మా. నువ్వు తెలిసి కోయించావు. తెలియనిదానికి నేర్పించుకోవచ్చు. నిన్నేం చేసుకోను?"

ఆయన విస్తరి మడిచి లేచిపోయారు.

సాయంత్రం సత్యలక్ష్మి తన సామాను సర్దుకుంటుంటే శాంత గదిలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, పొద్దుణ్ణుంచీ ఏడ్చినట్టుంది. జాలి పడదామన్నా సత్యలక్ష్మికి రాలేదు.

"ఒక్క మాట చెప్తే మీకేం పోతుండె ఆంటీ?"

"చెబితే నువ్విక్కడే పాతుకుపోయేదానివి."

"చెప్పకపోయినా నేనున్న," అంది శాంత. "పోతున్నది మీరే."

సత్యలక్ష్మి సంచీ చంకన పెట్టుకుని, హనుమంతు వంక చూడకుండా, మెట్లు దిగి గేటు వైపు నడిచింది.