అమ్మో, నైటా!

ఫోనులో మెయిల్ మోగే సమయానికి వర్ష చేతిలో పప్పు గరిటె ఉంది. చదివింది. మళ్ళీ చదివింది. గరిటెతో సహా మొగుడి మీద పడిపోయింది.

"పిలుపు వచ్చేసింది! నా పరిశోధనకి కచ్ వెళ్తున్నాను! పది రోజులు!"

రైల్వే వర్క్‌షాప్ నుంచి అప్పుడే వచ్చిన సాయికుమార్ చొక్కా మీద పప్పు మరక పడింది. పెళ్ళై రెండు నెలలే కాబట్టి ఇద్దరికీ అదీ ముద్దుగానే ఉంది.

"అక్కడేటుందే?" అత్తగారు గంగాభవాని వంటింట్లోకి తొంగిచూసింది.

"రాళ్ళత్తయ్యా! పదహారు కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున ఉన్న బురద గట్టిపడి రాయైపోయింది. దాన్నిండా అమ్మోనైట్లే!"

గంగాభవాని మొహం మాడిపోయింది. "అమ్మో, నైట్లా! పది రోజులూనా? ఒద్దు. నువ్వెళ్ళొద్దు." గిర్రున తిరిగి దేవుడి గూటి ముందు కూలబడింది.

వర్ష సంబరం చల్లబడింది. జవాబు ఇవాళే పంపాలి. అత్తగారిని ఏడిపించి వెళ్ళడం తనవల్ల కాదు.

సాయికుమార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నైట్ డ్యూటీ అనుకున్నాదే! నాన్న ముప్పయ్యేళ్ళు నైట్లే సేసినాడు. తెల్లారి సైరన్ మోగేదాకా అమ్మకి నిద్దరుండేది కాదు."

వర్ష వెళ్ళి అత్తగారి పక్కన చతికిలబడింది. గూట్లో సాలగ్రామం ఉంది. మామగారు బతికుండగా రైల్వే పాసు మీద గోరఖ్‌పూర్ దాకా వెళ్ళి, అక్కడినుంచి నేపాల్ యాత్ర చేసి తెచ్చినది.

"అమ్మోనైట్ అంటే డ్యూటీ కాదత్తయ్యా. ఇదిగో, ఇదీ." సాలగ్రామం మీది చక్రాన్ని తాకకుండా వేలితో చూపించింది.

"సక్రవాఁ?"

"ఆ. ఒకప్పుడు సముద్రంలో ఈదిన జీవి గుల్ల అచ్చు. కచ్ రాళ్ళలో ఇలాంటివే వెతకాలి."

గంగాభవాని వంగి చక్రాన్ని దగ్గరగా చూసింది.

"ఇన్నేళ్ళూ పాలూ నీళ్ళూ పోసినాను. సముద్రంలోంచి వచ్చినానని ఒక్కనాడు సెప్పినాడా సూడు, ఈ సామి!"

వర్ష ఫక్కున నవ్వింది. గంగాభవాని సాలగ్రామాన్ని తీసి, కొంగుతో తుడిచి, కోడలి అరచేతిలో పెట్టింది. చల్లగా, బరువుగా ఉంది.

"పగలే గదా పని?"

"పగలే. రాత్రి హాయిగా పడుకుంటాం."

"ఠీక్ హై. జవాబు పెట్టీ. రేపు పొద్దున్నే ప్రేమ్ బజార్ ఎల్దాం, నీకు బూట్లు కొంటాను. సెప్పులేసుకుని సముద్రమ్మీద నడుస్తావేటి!"