ఒక్కరికే సరిపోయే రాత్రి

మంగళవారం పొద్దున్నే గోవర్ధనరావు కాఫీ పెట్టుకుందామని లేచేసరికి హోటల్ కారిడారు వంటింట్లోకి వచ్చేసి ఉంది. ఎర్ర తివాచీ స్టవ్ గట్టు దాకా పరుచుకుంది. దేవుడి క్యాలెండరు ఉండే చోట 611 నంబరు తలుపు ఉంది. ఆయన తివాచీ తొక్కకుండా పక్కనుంచి వెళ్లి పాలు పొయ్యి మీద పెడతాడు.

ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. ఆ హోటల్ సంస్థ ఊరూరా విస్తరిస్తోందని పేపర్లో వస్తూనే ఉంది. తణుకులో వీళ్ల వీధికి పోయినవారమే వచ్చింది. ఎదురుగా ఉన్న టైలరు కొట్టు ఇప్పుడు లిఫ్టు. టైలరు అందులోనే కూర్చుని, పైకీ కిందికీ పోతూ జాకెట్లు కుట్టుకుంటున్నాడు.

గోవర్ధనరావు ఇరవై ఆరేళ్లు రైసుమిల్లులకు రబ్బరు రోలర్లు అమ్మాడు. రాయపూర్, గోండియా, బర్ద్వాన్, ఎక్కడికెళ్లినా ఆ సంస్థ హోటల్లోనే దిగేవాడు. పది రాత్రులుంటే ఒక రాత్రి ఉచితం. ఆ ఉచిత రాత్రుల్లో ఒక్కటి కూడా వాడుకోలేదు మహానుభావుడు. రిటైరయ్యాక భార్య హైమావతితో కలిసి వెళ్లాలని అన్నీ దాచాడు.

ఆవిడా తక్కువ తినలేదు. ఆయన తెచ్చిన హోటల్ సబ్బుబిళ్లలన్నీ కాగితం విప్పకుండా జంతికల డబ్బాలో దాచింది. "ఇద్దరం వెళ్లినప్పుడు వాడుకుందాంలెండి" అనేది. హోటల్‌కి సబ్బు మోసుకెళ్తారటే ఎవరైనా, అని ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆయన రిటైరైన నెలకే, ఆషాఢంలో, ఆవిడ పోయింది. ఇప్పుడు ఆ డబ్బా చూస్తే ఆయనకు ఏడుపొస్తుంది.

కాఫీ కలిపి, చిన్న గిన్నెలో పోసి మూతపెట్టి, అది చేత్తో పట్టుకునే కారిడారు వెంట నడిచి రిసెప్షన్‌కి వెళ్తాడు. స్కూటరు షెడ్డులోనే ఉంది రిసెప్షన్. అక్కడి అమ్మాయి కోటు మీద మృదుల అని రాసి ఉంది.

"నా ఉచిత రాత్రి ఒకటి కావాలమ్మా. మా ఆవిడతో ఉండటానికి."

మృదుల సొరుగు లాగుతుంది. అందులో రాత్రులు మడతపెట్టిన దుప్పట్లలా ఉన్నాయి, అడుగున నాలుగైదు మాత్రమే.

"మీవి చాలామటుకు వాడేశామండి సార్. కొత్త హోటళ్లు కడుతున్నాం కదా, గదికో రాత్రి కావాలి. ఊరికే పడున్నాయని మీవి వేసేశాం."

"అవి నేను ఇంట్లో లేని రాత్రులమ్మా."

"అవేనండి బాగా నల్లగా ఉంటాయి."

ఆమె మిగిలినవాటిని దులిపి, ఒకదానికొకటి ఆనించి చూస్తుంది. "రాత్రి విలువ పడిపోయిందండి. ఇవన్నీ కలిపితే ఒకటొస్తుంది. అదీ పొట్టిది. మీ కాఫీ చల్లారేదాకా ఉంటుంది."

"అదే పదివేలు."

"ఇద్దరి ఆధార్ కార్డులూ ఇవ్వండి."

హైమావతి కార్డు ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. మృదుల అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "పోయినవాళ్లు కూడా దిగవచ్చండి, దానికేం లేదు. కానీ మీరు ప్రతిసారీ ఫారంలో ఒక్కరే అని రాశారు. ఒక్కరి రాత్రులన్నీ కలిపినా ఒక్కరికే సరిపోతాయండి. ఇద్దరు పట్టరు."

గోవర్ధనరావు ఫారం దగ్గరికి లాక్కుంటాడు. నిజమే, అలాగే రాశాడు. ఒకసారి రాయపూర్‌కి నేనూ రానా అని హైమావతి అడిగింది. చీర కూడా ఇస్త్రీ చేసుకుంది. ఈసారికి వద్దులే అన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఆయనకిప్పుడు గుర్తు లేదు.

"ఆవిడే వెళ్తుంది," అని ఫారం మీద ఆవిడ పేరు రాస్తాడు.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి హైమావతి ఆ ఇస్త్రీ చీరలోనే 611 ముందు నిలబడి ఉంది. చంకలో జంతికల డబ్బా.

"మీరు రారూ?"

"నువ్వు పద. నేనిక్కడే ఉంటా."

"ఎప్పుడూ ఇంతే మీరు. ఆ కాఫీ అన్నా తాగండి, చల్లారిపోద్ది."

తలుపు తీస్తే లోపల చిక్కటి రాత్రి. వంటింట్లో మాత్రం ఎండ అలాగే ఉంది. ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. కుళాయి తిప్పిన చప్పుడు, సబ్బు కాగితం చించిన చప్పుడు వినిపిస్తాయి. గోవర్ధనరావు గబగబా స్టవ్ వెలిగించి, కాఫీ గిన్నెను సన్నటి మంట మీద పెడతాడు. కాఫీ చల్లారకపోతే తెల్లవారదు కదా.

కాసేపటికి తలుపు కిందనుంచి నురగ వస్తుంది. బుడగలు లేచి కారిడారు పొడవునా తేలుతున్నాయి. ప్రతి బుడగలోనూ వీళ్ల ఇంటి కిటికీ ఉంది. లైటు వెలుగుతోంది. అన్నం కంచం మీద ఇంకో కంచం బోర్లించి, హైమావతి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చీరలు మారుతున్నాయి, జుట్టు కొంచెం కొంచెంగా నెరుస్తోంది, కంచం మాత్రం అదే. ఇరవై ఆరేళ్లలో ఆయన ఇంట్లో లేని రాత్రులన్నీ అక్కడున్నాయి.

ఒక బుడగ ఆయన ముక్కు ముందుకొచ్చి ఆగుతుంది. అందులో గేటు చప్పుడవుతుంది. హైమావతి తలెత్తుతుంది.

"వచ్చారా?"

అన్ని బుడగల్లోంచీ అదే మాట.

ఊ అంటే చాలు, ఆ ఊపిరికి పగిలిపోతాయి. గోవర్ధనరావు ఊపిరి బిగబట్టి, ఒక చేత్తో గిన్నెను మంట మీద పట్టుకుని, అలాగే నిలబడి ఉన్నాడు. ఆవిడ మళ్లీ అడుగుతుంది. మరిగి మరిగి గిన్నెలో గుక్కెడు కాఫీ మిగిలింది, ఇంకా వేడిగానే ఉంది.