పాలిష్ పట్టిన గోళ

ఆర్మూర్‌లో నాగేందర్‌కు రెండు పేర్లున్నాయి. ఒకటి జనం పెట్టింది, పాలిష్ డ్రమ్ము నాగేందర్. రెండోది తనకు తాను పెట్టుకున్నది, వీరమృగం నాగేందర్. మొదటి పేరుతో పిలిస్తే పలుకుతాడు, రెండో పేరుతో పిలిస్తే చాయ్ తాగించి మరీ పంపిస్తాడు. అందుకని చాయ్ తాగాలనిపించిన వాళ్లందరూ రెండో పేరే వాడుతుంటారు.

వీరమృగం అంటే సెల్‌ఫోన్‌లో ఆడే ఆట. ఇద్దరు ఒక జట్టు, ఎదురుగా ఇంకో ఇద్దరు. తలా ఒక మృగాన్ని పెంచి, తర్ఫీదు ఇచ్చి బరిలోకి దింపాలి. ప్రతి వంతులోనూ నలుగురూ తమ మృగం ఏం చేయాలో గుట్టుగా ఒక బటన్ నొక్కి చెబుతారు. ఆ తర్వాత వేగం ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక, వరసగా కదులుతాయి. రెండు మృగాలూ కూలిన జట్టు ఓడినట్టు. ఇంతే ఆట. ఈ మాత్రం ఆటకు నాగేందర్ ముప్పై ఒక్క ఏళ్ల వయసులో నల్ల కళ్లద్దాలు, పులి బొమ్మ టీషర్టు, మణికట్టుకు పట్టీ కొనుక్కున్నాడు. ఫోన్ నొక్కడానికి మణికట్టు పట్టీ ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చాయ్ పోతుంది.

అతని మృగం పేరు పిడుగు. ఒళ్లంతా కోరలే. ఒక్కటి తగిలించిందంటే ఎదుటి మృగానికి సగం ప్రాణం పోవలసిందే. కాకపోతే దాని ఒంట్లో సత్తువ లేదు. ఎవరైనా తిరిగి గట్టిగా రెండు వేస్తే చాప చుట్టేసే రకం. ఈ సంగతి ఆట తెలిసిన ప్రతివాడికీ తెలుసు, నాగేందర్‌కు తప్ప. రెండేళ్లుగా పిడుగు ఒక్కసారి కూడా కూలింది లేదు మరి. ఎందుకు కూలలేదో ఆలోచించేంత తీరిక అతనికి దొరకలేదు. గెలిచే మనిషికి సెల్ఫీలు దిగడానికే పొద్దు చాలదు.

పిడుగు కూలకపోవడానికి కారణం అతని వదిన జ్యోతిలక్ష్మి.

జ్యోతిలక్ష్మి బీడీలు చుడుతుంది. భర్త గంగాధర్ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఇంట్లో పని తెమిలాక చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మళ్లీ లేచేది సాయంత్రమే. ఫోన్‌ను గోడకు ఆనించి ఎదురుగా పెట్టుకుంటుంది. చేతులు తునికాకులోనూ తంబాకులోనూ ఉంటాయి కనుక గబగబా పది చోట్ల నొక్కే ఆటలు ఆమెకు కుదరవు. ఈ ఆటలో వంతుకు ఒక్క బటన్ చాలు. ఒక బీడీ చుట్టి, దారం కట్టి, చిటికెన వేలితో ఒక్కసారి నొక్కి, ఇంకో ఆకు తీసుకుంటుంది. మరిది జట్టుకు మనిషి దొరక్క బతిమాలితే రెండేళ్ల కింద మొదలుపెట్టింది. అప్పుడు ఎవరూ కోరుకోని మృగం ఒకటి మిగిలి ఉంటే దాన్నే తీసుకుంది.

ఆ మృగం ఆకారం చూస్తే మొక్కబుద్ధి కాదు, తిట్టబుద్ధీ కాదు. కుండంత పొట్ట, పొట్టి కాళ్లు, కోరలు సున్న. పసుపులో సన్నగా పొడుగ్గా ఉండేదాన్ని కాడి అంటారు, గుండ్రంగా బండగా ఉండేదాన్ని గోళ అంటారు. మార్కెట్ యార్డులో మంచి రేటు ఎప్పుడూ కాడికే. జ్యోతిలక్ష్మి తన మృగాన్ని ఒకసారి ఎగాదిగా చూసి గోళ అని పేరు పెట్టేసింది.

గోళకు తెలిసిన పనులు రెండే. ఒకటి, పక్కన నిలబడటం. దాని బరువు ఎంత ఎక్కువైతే పక్కనున్న మృగానికి దెబ్బ అంత తక్కువ తగులుతుంది, అది ఆ ఆటలోని నియమం. రెండోది, మందు వేయడం. నలుగురిలోకీ నెమ్మదిది కాబట్టి ఎప్పుడూ అందరి తర్వాతే కదులుతుంది. కొట్టేవాళ్లు కొట్టడం అయిపోయాక, పిడుగు ఒగరుస్తూ నిలబడి ఉండగా, గోళ తాపీగా వచ్చి మందు వేస్తుంది. మరుసటి వంతుకు పిడుగు మళ్లీ కొత్త పెళ్లికొడుకులా తయారు. అది చూసి నాగేందర్ తొడ కొట్టేవాడు.

ఈసారి పట్టణంలోని యువజన సంఘం వాళ్లు పెద్ద ఎత్తున పోటీ పెట్టారు. గెలిచిన జట్టు హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీకి వెళుతుంది. జ్యోతిలక్ష్మికి హైదరాబాద్ మీద మోజు లేదు కానీ, ఒక ఊరికి పెళ్లికో చావుకో కాకుండా తన ఆట కోసం తాను పోవడమనే ముచ్చట ఆమెకు జన్మలో ఇదే మొదటిది. ఎవరికీ చెప్పుకోలేదు. గంగాధర్‌కు మాత్రం వీడియో కాల్‌లో చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడింది.

సెమీఫైనల్ కూడా గెలిచారు. చివరికి ముందు వంతులో పిడుగుకు వెంట్రుకవాసి ప్రాణం మిగిలి ఉండగా గోళ మందు పడింది, అంతే, ఆట తిరిగిపోయింది. చప్పట్లు మాత్రం పిడుగుకు కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది. మైకు పట్టుకున్న సంఘం కార్యదర్శి నరహరికి నోటి దురద ఎక్కువ.

"నాగేందర్ మస్తుగ కొడుతుండు గానీ, వదిన కొంగు చాటుకెళ్లి కొడుతుండు!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. నాగేందర్ కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా. కానీ ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. బయట బండ్ల దగ్గర వాడెవడో "కొంగు చాటు" అన్నాడు, పాన్ డబ్బా దగ్గర ఇంకొకడు అన్నాడు. తెల్లారేసరికి చాయ్ తాగేవాళ్లకు కూడా మూడో పేరు దొరికింది.

మరునాడు పొద్దున్నే వదిన చాట ముందు వచ్చి కూర్చున్నాడు.

"వదినా, ఫైనల్‌ల నువ్వు కూసోవద్దు. నీ జాగల మెకానిక్ శ్రావణ్ ఆడుతడు. నువ్వు గా గోళను నాకు పంపియ్యి."

జ్యోతిలక్ష్మి చేతిలో బీడీ ఆగింది. "ఎందుకట్ల? గెలుస్తనే ఉన్నం గదా."

"గెలుస్తున్నం, కాదంటలేను. కానీ గా పని ఎవలైనా చేస్తరు వదినా. పక్కపొంటి నిలబడుడే గదా. మృగం బాగున్నది, అంతే."

ఆ బీడీని ఆమె చాటలో పడేసింది. రెండేళ్లు ఆడిన ఆటను పక్కన నిలబడుడు అన్నాడు వీడు. తిడదామనుకుంది. అత్త గంగవ్వ వాకిట్లోనే ఉంది, ఇంట్లో ఆట కోసం లొల్లి పెట్టిందన్న పేరు తనకు వద్దు. చిటికెన వేలితో నాలుగు చోట్ల నొక్కి గోళను అతని ఫోన్‌కు పంపించేసింది.

"తీస్కపో. కానీ జర దాన్ని గట్లనే ఉండనియ్యి నాగేందర్. బరువు ముట్టుకోకు."

"ఫికర్ చెయ్యకు వదినా," అన్నాడు నాగేందర్. ఆడవాళ్లు ఇంట్లోంచి గిన్నె ఇచ్చినా ఇట్లాగే జాగ్రత్తలు చెబుతారు కదా అనుకుని అక్కడే మర్చిపోయాడు.

నాగేందర్ చేసే పని ఏమిటంటే, ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపును డ్రమ్ములో పోసి తిప్పుతాడు. గర గర తిరిగి పైపొట్టు, వేర్లు రాలిపోయి పసుపు తళతళలాడుతుంది. తూకం కొంచెం తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. పన్నెండేళ్లుగా ఇదే పని. లోకంలో ఏ వస్తువును చూసినా దీనికి కూడా కాస్త పాలిష్ పడితే బాగుండును అనిపించడం అతని తప్పు కాదు. గోళను మొదటిసారి సొంత ఫోన్‌లో విప్పి చూసేసరికి అతనికి పచ్చి సరుకు చూసినట్టే అనిపించింది.

"గింత బరువెందుకురా శ్రావణ్ దీనికి? నడవనీకే ఒక పూట పడుతది."

"అవునన్నా," అన్నాడు శ్రావణ్. అతను నాగేందర్ ఏమన్నా అవునన్నా అనే మనిషి, అందుకే జట్టులోకి వచ్చాడు.

ఆటలో ఒక మృగం బరువు తగ్గించి ఆ తర్ఫీదంతా వేగానికి మళ్లించే వీలుంది. మూడు రోజులు ఇద్దరూ డ్రమ్ము పక్కనే కూర్చుని అదే పని చేశారు. గోళ పొట్ట లోపలికి పోయింది. కాళ్లు సాగాయి. ఒళ్లు నున్నగా మెరిసింది. మీద బంగారు రంగు కవచం కూడా తొడిగారు, ఆటలో దానివల్ల ఏ లాభమూ లేదు, చూడ్డానికి బాగుంటుందంతే. నాలుగో రోజుకు అది నలుగురి కంటే ముందు ఉరికే జంతువయింది.

"సూడు, పాలిష్ పడితే ఎట్లున్నదో," అన్నాడు నాగేందర్. సరుకు తయారుచేసి ఇచ్చిన తృప్తి నిజంగానే అతని ముఖంలో ఉంది. దాన్ని ఫోటో తీసి అందరికీ పంపాడు. వదినకు కూడా పంపాడు. ఆమె చూసింది, జవాబు ఇవ్వలేదు. ఆనందంతో మాట రాలేదనుకున్నాడు.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలులో. పెళ్లిళ్ల కుర్చీలే వేశారు, పెళ్లిళ్ల డెకరేషనే ఉంది. వేదిక మీద పెద్ద తెర. ఎదుటి జట్టు మెండోర నుంచి వచ్చిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, వర్షిత, స్నేహలత. వర్షిత దగ్గర ఒక మామూలు కొట్టుడు మృగం, స్నేహలత దగ్గర బండరాయి లాంటి తాబేలు. ఆ తాబేలును చూసి నాగేందర్ ఎగతాళిగా నవ్వుతూ శ్రావణ్‌ను మోచేత్తో పొడిచాడు. జ్యోతిలక్ష్మి మూడో వరసలో అత్త పక్కన కూర్చుంది. రాకూడదనే అనుకుంది, ఇంట్లో ఉండలేకపోయింది.

మొదటి వంతు. గోళను తన ఫోన్‌లోకి తీసుకున్న శ్రావణ్ బుద్ధిగా మందు బటన్ నొక్కాడు. వేగం ఎక్కువ కనుక గోళ అందరికంటే ముందు దూకింది. బంగారు కవచం తళుక్కుమంది, హాలులో ఈలలు. వెళ్లి పిడుగుకు మందు వేసింది. పిడుగుకు అప్పటికి గోరంత దెబ్బ కూడా తగల్లేదు. నిండు కుండలో పోసిన చెంబెడు నీళ్లలా మందంతా నేలపాలయింది. ఆ తర్వాత పిడుగు కొట్టింది, బాగానే కొట్టింది. అప్పుడు వర్షిత మృగం తిరిగి కొట్టింది. అడ్డం నిలబడే బరువు పక్కన లేదు. దెబ్బ దెబ్బంతా పిడుగుకే తగిలి ముక్కాలు ప్రాణం పోయింది. అందరి తర్వాత తాబేలు పాక్కుంటూ వచ్చి తన జత మృగానికి మందు వేసింది.

నాగేందర్ నల్ల కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. మొదటి వంతులోనే పిడుగు ప్రాణం అంత కిందికి దిగడం అతను ఎన్నడూ చూడలేదు.

"మందెయ్యరా!"

"ఏస్తున్ననన్నా!"

రెండో వంతు. గోళ మళ్లీ ముందే ఉరికింది. ఈసారి మందు కొంత ఎక్కింది కానీ, వెంటనే పడిన దెబ్బ అంతకు రెండింతలుంది. పిడుగు చాప చుట్టేసింది. రెండేళ్లలో మొదటిసారి.

"ముందుగాల ఎందుకేసినవ్‌రా? దెబ్బ తిన్నంక ఎయ్యాలె గదా!"

"నేనేడ ఏసిన అన్నా, అదే ఉరుకుతున్నది. ఉరికేటట్టు చేసింది నువ్వే గదా!"

అవునన్నా తప్ప వేరే మాట రాని శ్రావణ్ నోటి నుంచి అంత పెద్ద నిజం వచ్చేసరికి నాగేందర్ నల్ల కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నాలుగు వంతుల పాటు కోరల్లేని గోళ బంగారు కవచం వేసుకుని తెర మీద ఒంటరిగా తిరిగింది. కొట్టడం రాదు, మందు వేయడానికి పక్కన ఎవరూ లేరు. మూడో వరసలో జ్యోతిలక్ష్మి తల దించుకుంది. ఓడినందుకు కాదు, దాన్ని ఆ వేషంలో చూడలేక.

నరహరి మైకు పట్టుకుని వచ్చేశాడు. "ఏమైంది నాగేందర్?"

వందమంది చూస్తున్నారు. నాగేందర్ గొంతు సవరించుకున్నాడు. "నా కొట్టుడుల ఏం తక్కువ లేదు. సపోర్ట్ సరిగ లేకుండె," అన్నాడు.

గంగవ్వ పక్కకు తిరిగి కోడలి ముఖం చూసింది.

కప్పు ఇవ్వడం అయ్యాక నరహరి ఇంకో మాట చెప్పాడు. రాష్ట్ర పోటీకి ప్రతి జట్టూ అవసరమైతే బరిలోకి దింపడానికి మూడో మనిషిని వెంట తీసుకుపోవచ్చు, ఆ మనిషిని గెలిచినవాళ్లే ఎంచుకోవాలి. నాగేందర్ గుండె ఒక్కసారి లేచింది. ఓడితే ఓడాం, జిల్లాలో తనంత కొట్టేవాడు ఇంకెవడున్నాడు? అమ్మాయిలిద్దరూ ఆ మూడో పేరు రాయాల్సిన కాగితం పట్టుకుని మెట్లు దిగి తన వైపే వస్తున్నారు. టీషర్టు సర్దుకున్నాడు. కాదనకూడదు, మరీ వెంటనే ఒప్పుకోకూడదు అని నిర్ణయించుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, జర జరుగుండ్రి," అంది వర్షిత.

పక్కకు జరిగాడు. వాళ్లు మూడో వరసకు వెళ్లి ఆగారు.

"అక్కా, మీరు హైదరాబాద్‌కు మా తోని రావాలె," అంది వర్షిత. "మీ ఆటలన్నీ రికార్డ్ చేసుకొని సూసినం. స్నేహ తాబేలును మీ ఆట సూసే పెంచింది."

జ్యోతిలక్ష్మికి ఒక నిమిషం అర్థం కాలేదు. "నా తాన మృగం లేదమ్మా. మా మరిది తీస్కున్నడు."

"మృగాలదేమున్నది అక్కా, మా తాన పది ఉన్నయి," అంది స్నేహలత. "మీరొస్తే సాలు."

జ్యోతిలక్ష్మికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. కాగితం తీసుకుని ఒడిలో పెట్టుకుని తన పేరు రాసింది. "పోయి రా బిడ్డా, బీడీలు నేను జేస్త," అంది గంగవ్వ.

నాగేందర్ కుర్చీల మధ్య నుంచి దగ్గరికొచ్చాడు. గోళను వాపసు ఇస్తానన్నాడు, మళ్లీ బరువు పెంచుతానన్నాడు. జ్యోతిలక్ష్మి కాగితం మడిచి వర్షిత చేతిలో పెట్టేసరికి చివరికి మొహం చిన్నబుచ్చుకుని, ఆ రోజంతా మాట్లాడిన మాటల్లో మొదటి నిజం మాట మాట్లాడాడు.

"నువ్వు పోతే నా పక్కపొంటి ఎవలుంటరు వదినా?"

"రెండేండ్లు నేనే ఉన్న గదా నాగేందర్. ఒక్కనాడన్న ఇటు దిక్కు సూసినవా?"

చూశానని చెప్పడానికి నోరు తెరిచాడు. ఒక్క ఆటైనా, ఒక్క వంతైనా గుర్తు చేసుకుని చెబుదామనుకున్నాడు. తలుచుకున్న ప్రతి ఆటలోనూ అతనికి పిడుగే కనిపించింది.