కూతబాబు

ఆ శ్రుతి నచ్చలేదు. కూతబాబు ఒక అంకె మార్చి, చెవి స్పీకరుకి ఆనించి, మళ్లీ మీట నొక్కాడు. కీ... మెడ నరం పట్టేసింది. అయినా నొక్కాడు.

ఇళ్లలో వాడుకునే చిన్న కంప్యూటర్లు చేసే కార్ఖానా అది. వాటికి కూతలు నేర్పడం అతని పని. నేర్పడమంటే ఏముంది? యంత్రం కాగితపు స్పీకరుని ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. మధ్యలో ఊరికే అంకెలు లెక్కపెడుతుంది. ఎక్కువ లెక్కపెడితే బొంగురు, తక్కువైతే కీచు. కూస్తున్నంతసేపూ మరో పని చెయ్యలేదు. తెర మీద బొమ్మ సైతం బిగుసుకుపోతుంది.

కూతబాబూ అంతే. జీతాల కోసం అందరూ గేటు ముందు బైఠాయించిన రోజున తలుపేసుకుని పాట సరిచేసుకున్నాడు. "పిల్ల ఏడిస్తే వినపడదు గానీ, ఆ డబ్బా కీచుమంటే లేచి కూర్చుంటారు" అని భార్య ఏనాడో విసిగి వదిలేసింది.

మధ్యాహ్నం యజమాని కొత్త యంత్రం దింపాడు. పాతదానికి రెట్టింపు వేగం. కొనడానికొచ్చిన పెద్దమనుషుల ముందు కూతబాబు కట్టిన పాటనే అందులోకి ఎక్కించాడు. లెక్క సగం సేపట్లో ముగిసిపోయింది. ఎలకలు కొట్టుకుంటున్నట్టు కిచకిచలాడి పాట ఆగింది. అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా యజమాని.

కూతబాబు చేతులు కట్టుకున్నాడు. "లెక్క రెట్టింపు చేస్తే సరిపోతుందండీ. సాయంత్రానికల్లా..."

"ఎందుకయ్యా శ్రమ? దీన్లో కూతకి వేరే చిప్పుంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"చిత్తమండీ."

చిత్తమట! ఉద్యోగం ఊడగొట్టినవాడికి చిత్తం!

టంకం పెట్టే అక్క నడవాలో అడ్డం నిలబడింది. వేళ్ల నిండా కాలిన మచ్చలు. "ఒక్క మాట అను తమ్ముడూ, ఇప్పుడే పనులాపేస్తాం."

"నేను ఆరోజు రాలేదు కదక్కా."

"రాలేదు. సిగ్గులేనివాడివి. అయినా ఆపుతాం. నీ తర్వాత మా వంతే కదా! అను."

అతని నోరు తెరుచుకుంది. యజమాని గదివైపు చూశాడు. మూసుకుంది.

"గొడవైతే మళ్లీ పిలవరేమో అక్కా."

"పిలుస్తాడు! కారు పంపిస్తాడు, మెత్తటి సీటున్నది! పో."

అక్క తప్పుకుంది. అతను చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. గేటు కూడా నెమ్మదిగా వేశాడు, ఎవరి పనికీ అడ్డం రాకూడదని.

అతను పనిచేసిన గదిలో కుర్చీ మీద దిండు ఉండిపోయింది. పాత దుప్పటి ముక్కతో కుట్టినది, దూది ఓ మూలకి పోగుపడి, నడుమ మనిషి కూర్చున్నంత గుంట.