సూది దూకే చోటు

"తువ్వాలు ఆరేయడానికి ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదా?" అంటూ భర్త రికార్డు ప్లేయరు మూత మీది తడి తువ్వాలు తీసి కుర్చీ మీద పడేశాడు.

"ఆ డబ్బా మీద ఈగ వాలినా మీ ప్రాణం విలవిల్లాడుతుంది. కుర్చీ నానిపోయినా పర్లేదు," అంది ఇల్లాలు. ఆ డబ్బా ఉన్న మూల ఖాళీ అయితే కుట్టుమిషను పెట్టుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఉంది.

మాటా మాటా పెరిగేలోపు కాలేజీ నుంచి వచ్చిన కూతురు డ్రమ్ము పుల్లలు సోఫాలోకి విసిరింది.

"నేను మానేస్తున్నా. వాళ్ల ముందు తలెత్తుకోలేను."

ఆమె బృందం శనివారం ఒక పాత రాక్ ఆల్బం మొత్తం వాయించబోతోంది. తండ్రి కుర్రతనంలో మోజుపడి కొన్న రికార్డే అది. పారాడే వయసులో దాని మీద చెంచాతో గీత పెట్టింది ఈ పిల్లే. అప్పట్నుంచీ మూడో పాటలో సూది ఆ గీత దగ్గర ఎగిరి కాస్త అవతల పడుతుంది. ఆ రికార్డు వింటూనే పెరిగిన పిల్ల, రిహార్సల్లో సరిగ్గా అక్కడే తానూ ఆ ముక్క వదిలేసి ముందుకు దూకేసింది. అందరూ పడీపడీ నవ్వారు.

తండ్రి ముఖం చిన్నబోయింది. "నా వల్లే తల్లీ. ఆ డబ్బానే తీసి పారేస్తాలే."

మూల ఖాళీ అయ్యే మాట వినబడినా ఇల్లాలికి సంతోషం కలగలేదు. "పారేయడం తర్వాత. ఆ సూది మింగేసిన ముక్కేదో ముందు విందాం. ఫోన్లో పెట్టవే."

పాట మొదలైంది. వంటింటి గుమ్మంలో పాటకు తగ్గట్టు బీన్సు తరుగుతున్న ఇల్లాలి కత్తి కూడా ఆ చోట ముందుకు దూకింది. పాట మాత్రం అక్కడే నిలబడి ఉంది. డ్రమ్ములు ఆగిపోయాయి. ఒక్క గిటారే, జవాబు చెప్పే ముందు మనిషి ఆలోచించుకున్నట్టు, నెమ్మదిగా పలికింది.

"గీత పడ్డాక ఇది ఉందన్న సంగతే మరిచిపోయానే!" అన్నాడు తండ్రి.

"మళ్లీ పెట్టు," అంది ఇల్లాలు. బీన్సు అలాగే ఉండిపోయాయి.

అన్నాల దగ్గర కూతురు కంచం ముందుకు లాక్కుని చెప్పింది: "శనివారం వాయిస్తున్నా. అక్కడ నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలి, అంతే."

"నువ్వా? చేతులు ముడుచుకునా?" తండ్రి నవ్వాడు.

"అందుకే మీరిద్దరూ ముందు వరసలో కూర్చోవాలి. నేను తొందరపడబోతే అమ్మ గుడ్లురమాలి."

"ఉరుముతాలే," అంది ఇల్లాలు, భర్తకు కూర వడ్డిస్తూ. "కుట్టుమిషను పడగ్గదిలో పెట్టిస్తున్నా. మీ నాన్న పడుకునే వైపు."